ఉంగరం లేని భూతం

ఏనుగుతొండం కనుమలో చివరి మలుపు తిరగగానే తరళిక గుర్రాన్ని ఆపింది. కింద లోయలో హాటకపురి కనిపిస్తోంది.

నాలుగు వైపులా కొండలు. వాటి వాలుల నిండా మోదుగులు విరగబూసి, అడవికి నిప్పంటుకుని ఆరడం మరిచిపోయినట్టు ఎర్రగా మండుతున్నాయి. ఆ ఎరుపు మధ్య లేత పసుపు రంగు దిబ్బలు కొండలతో పోటీపడి లేచి ఉన్నాయి. అవి దేవుడు పెట్టిన కొండలు కావు. రాళ్ళు దంచి, నూరి, బంగారం తీసుకున్నాక మిగిలిన పొడిని తరతరాలుగా మనుషులు పోసిన దిబ్బలు. గాలి వీచినప్పుడల్లా ఆ పొడి లేచి ఊరి మీద పసుపు జల్లినట్టు పడుతోంది. దిబ్బల నడుమ పొగ మరిచిన కొలుములు, తలుపుల్లేని మేడలు. ఒక మేడ మిద్దె మీద నెమలి ఒకటి ఇల్లంతా తనదే అన్నట్టు తీరిగ్గా పురి విప్పి తిరుగుతోంది.

"ఒకప్పుడు ఈ ఊళ్ళో కుక్కల మెళ్ళో కూడా బంగారు గొలుసులుండేవట" అన్నాడు వెనక గాడిద మీద వస్తున్న సింగన్న. "అప్పటికి నేను పుట్టలేదు. నా జాతకమే అంత."

అతణ్ణి రాజధాని మేఖలాపురంలో వేళ్ళ సింగన్న అంటారు. నడిబజారులో నిలబడి మాట్లాడుతూనే ఎదుటివాడి నడుముకున్న సంచీ, చెవికున్న పోగు, చేతికున్న కడియం మాయం చేయగల వేళ్ళు అతనివి. కారాగారంలో ఉన్నవాణ్ణి రాకుమారి తరళిక స్వయంగా విడిపించి వెంట తెచ్చుకుంది. ఆమె ఇప్పుడు రాకుమారి వేషంలో లేదు. తలకు పెద్ద పాగా చుట్టి, పైపెదవి మీద సన్నని మీసం అంటించుకుని, రత్నాల వర్తకుడిలా తయారైంది.

కారణం ఆమె తమ్ముడు. యువరాజు మకరాంకుడు పాత బంగారు గని చూడాలని ముచ్చటపడి హాటకపురికి వచ్చి, గనిలోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. యువరాజును గనిభూతం మింగిందని సేనాపతి ఉగ్రబాహుడు నిండు కొలువులో బోరున ఏడ్చాడు. ఏడుస్తున్నంతసేపూ అతని చూపు ఖాళీగా ఉన్న సింహాసనం మీదే ఉండడం తరళిక గమనించింది. రాబోయే పున్నమికి అతను తన పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. ఆలోపల తమ్ముణ్ణి తీసుకువెళ్ళి కొలువులో నిలబెట్టకపోతే రాజ్యం పోయినట్టే.

"పదండి రాకుమారీ" అన్నాడు సింగన్న.

"ఏమన్నావు?"

"పదండి సెట్టిగారూ అన్నాను."

ఒకప్పుడు బంగారం తవ్విన హాటకపురి జనం ఇప్పుడు ఊరు చూడవచ్చే బాటసారుల మీద బతుకుతున్నారు. ఊరి పేరులోని మొదటి అక్షరాన్ని కూడా ఎవరో తవ్వుకుపోయినట్టు చుట్టుపక్కల పల్లెలవాళ్ళు దాన్ని ఆటకపురి అంటారు. ఇద్దరూ ఊరివాకిలి దాటారో లేదో జనం చుట్టుముట్టారు. ఒకడు పసుపు రాయి చూపించి ఇది రేపో మాపో బంగారం కాబోతోందన్నాడు. ఇంకొకడు నీలిరంగు పూసిన రాగి ఉంగరాలు పరిచిన పళ్ళెం ముక్కు కిందికి తెచ్చాడు. మూడోవాడు గుర్రం కళ్ళెం పట్టుకుని, "మా తాత నాణేలు కొట్టిన సుత్తి చూస్తురు రాండి. మా అన్న అయితే చూడనిస్తాడు అంతే. నేను పట్టుకోనిస్తా" అన్నాడు.

"దూరాబారం నుంచి వచ్చినోళ్ళని అన్నం కూడా తిననీకుండా మీరే తినేస్తారా?" అంటూ ఒకావిడ గరిటె పట్టుకుని గుంపులోకి వచ్చింది. ఆ గరిటెకు దారి ఇవ్వనివాడు లేడు. ఆమె పూటకూళ్ళ గవరమ్మ. మనిషి పొట్టి. గొంతు మాత్రం కొండకు కొట్టుకుని తిరిగి వచ్చేంత. గుర్రాన్నీ గాడిదనూ ఒకే పాకలో కట్టేసి, వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, వేడివేడి రాగిసంగటి ముద్దలు, ఉలవచారు వడ్డించింది.

"గని చూడాలని వచ్చినాము" అంది తరళిక గొంతు బరువు చేసుకుని.

గవరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "వద్దు నాయనా. కొండలు చూడు, కొలుములు చూడు, దిబ్బలెక్కి జారు. గని మాత్రం వద్దు. మా ఆయన పోతన్న పోయినాడు యువరాజుకు దారి చూపిస్తానని. ఆ పొద్దున సద్ది కట్టిచ్చినా. ఇంతవరకూ రాలా."

"గనిలో ఏముందమ్మా?"

"ఏదో నవ్వుతాదంట. వట్టి చేతుల్తో పోయినోళ్ళు గుమ్మంకాడ ఆ నవ్వు విని పడతా లేస్తా వెనక్కొచ్చినారు. టంకశాల సామి ఇచ్చే రక్ష ఉంగరం వేసుకొని పోయినోళ్ళు నిమ్మళంగా లోపలికి పోయినారు. ఒక్కరూ తిరిగి రాలా. సామి మీద అనుమానమంటే ఊరోళ్ళు నన్నే కొడతారు. ఆ ఉంగరాలు ఊరికే ఇస్తాడు కదా, అందరికీ దేవుడే."

సింగన్న ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఊరికే ఇస్తాడా? నాకు ఊరికే ఏదైనా ఇచ్చినవాడల్లా చివరికి నాకన్నా పెద్ద దొంగ అని తేలాడమ్మా."

తరళిక ఆలోచనలో పడింది. "ఉంగరం లేకపోతే లోపలికి పోలేం. ఉంటే బయటికి రాలేం. అంటే ఉంగరం మన దగ్గర ఉండాలి. వేలికి మాత్రం ఉండకూడదు."

సింగన్న చేతులు కడుక్కుని, వేళ్ళు ఒక్కొక్కటీ మెటికలు విరుచుకున్నాడు. తర్వాత మొలలోంచి రెండు రాగి ఉంగరాలు తీసి చూపించాడు.

"ఎక్కడివి?" అంది తరళిక.

"ఊరివాకిట్లో ఒకడు అమ్ముతున్నాడు కదా. నేను కొనలేదు. అంతే."

ఒకప్పుడు నాణేలు కొట్టిన పాత టంకశాల ఊరికి ఎగువన, గుట్ట మీద ఉంది. లోపల పులిచర్మం మీద ఆ టంకశాల స్వామి, భస్మనేత్రుడు కూర్చుని ఉన్నాడు. జడలు నేల మీద పాముల్లా చుట్టలు చుట్టుకున్నాయి. ఒంటినిండా విభూతి. కళ్ళు కూడా బూడిద రంగువే కావడం వల్ల అవి తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో తెలియడం లేదు. మాట మాత్రం తేనె.

"రండి నాయనా. గని చూడాలని కుతూహలం. మంచిదే. ఆ చేయి ఇలా చూపించు" అని సింగన్న దండ ఒత్తి చూశాడు. ఎద్దును బేరం చేసేవాడు ఒత్తినట్టుగా ఉంది. "బలం ఉంది" అని తృప్తిగా తల ఊపి, తరళిక మణికట్టు చూసి, "ఇది కాస్త సన్నం. పరవాలేదు, బండి తోయడానికి పనికి... రక్ష అందరికీ అవసరమే" అని సర్దుకున్నాడు.

అతను ఉంగరం తీసి ఆమె వేలివైపు చాచాడు. నీలిరంగు రాగి అది. దగ్గరికి వస్తుంటేనే వేలు చల్లబడుతోంది. సరిగ్గా అప్పుడు సింగన్న దభీమని సాష్టాంగపడి, "స్వామీ, మా సెట్టిగారి వేలికి ఏది తొడిగినా ఈ దాసుడే తొడగాలి. వాళ్ళ నాయనగారికి మాట ఇచ్చాను" అంటూ ఉంగరాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. కళ్ళకద్దుకున్న ఉంగరం ఒకటి, వేలికి తొడిగిన ఉంగరం మరొకటి. పక్కనే ఉన్న తరళిక కూడా అది ఎప్పుడు మారిందో చూడలేకపోయింది. రెండో ఉంగరానికీ అదే భక్తి జరిగింది.

"లాగి చూడు. వస్తుందా?" అన్నాడు భస్మనేత్రుడు.

తరళిక పళ్ళు బిగబట్టి ఉంగరాన్ని లాగుతున్నట్టు నటించింది. "రావడం లేదు స్వామీ."

"శుభం. వెళ్ళిరండి" అన్నాడతను. రండి అన్న మాట అంటున్నప్పుడు మాత్రం అతని పెదవి వంకరగా నవ్వింది.

గుట్ట దిగగానే సింగన్న ఇద్దరి వేళ్ళకున్న ఉత్తుత్తి ఉంగరాలు తీసి పారేసి, స్వామి ఇచ్చిన నీలి ఉంగరాలను తన ఉత్తరీయం కొంగులో మూటకట్టాడు. "నా వేళ్ళు ఇంత కొంకర్లు పోవడం ఇదే మొదటిసారి రాకుమారీ. మంచుగడ్డల్ని దొంగిలించినట్టుంది" అన్నాడు. ఈసారి ఆమె అతణ్ణి సరిదిద్దలేదు.

గని ద్వారం ఊరికి పడమటి కొండలో ఉంది. లోపలికి కొంతదూరం నడిచాక సొరంగం మలుపు తిరిగింది. వెలుతురు ఆగిపోయింది. సింగన్న కాగడా ఎత్తాడు. దారికి అడ్డంగా ఒక పెద్ద బండ. ఆ బండకు రెండు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ తర్వాత నోరు తెరుచుకుంది. సొరంగం పైకప్పు నుంచి గులకరాళ్ళు రాలేలా అది నవ్వింది.

సింగన్న అప్పటికే వెనక్కి తిరిగాడు. తరళిక అతని మొలనూలు పట్టుకుని ఆపింది.

"మీరు పరుగెత్తలేదే" అంది భూతం, కాస్త నిరాశగా. "అందరూ పరుగెత్తుతారు. నాకు ఇక్కడ ఉన్న వినోదం అదొక్కటే. ఉంగరం ఉందా?"

"ఉంది" అంటూ తరళిక సింగన్న కొంగు మూట పైకెత్తింది. "వేలికే ఉండాలని స్వామి చెప్పాడా?"

భూతం మూట వాసన చూసింది. ఆలోచించింది. దాని నుదుటి మీద ముడతలు పడుతుంటే రాయి పగులుతున్న చప్పుడైంది. "లేదు. ఉంగరం ఉన్నవాళ్ళను లోపలికి పంపు, బయటికి పంపకు. లేనివాళ్ళను లోపలికి రానివ్వకు. ఇంతే చెప్పాడు. ఇంతకంటే చెబితే నాకు గుర్తుండదు. నా పేరు బిలముఖుడు. ఈ కొండ కడుపులో నిద్రపోతుంటే స్వామి మంత్రం చదివి లేపి ఇక్కడ కూర్చోబెట్టాడు. బయట ఎలా ఉంటుంది?"

"ఇప్పుడు మోదుగులు పూశాయి."

"మోదుగులంటే?"

"ఎర్రగా ఉంటాయి. సాయంత్రం సూర్యుడిలా."

"సూర్యుడంటే?" అని అడిగి, జవాబు రాకముందే బిలముఖుడు నిట్టూర్చి పక్కకు జరిగాడు. "పోండి. బండి ఉంది. నడిచి పోయేవాళ్ళు గోతుల్లో పడతారు."

కొయ్య పట్టాల మీద నాలుగు చక్రాల బండి ఒకటి నిలబడి ఉంది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. సింగన్న పక్కనున్న కర్ర పట్టుకుని, "ఇది బండిని ఆపే కర్ర కాబోలు" అని లాగాడు. కర్ర ఊడి చేతిలోకి వచ్చింది.

బండి జారింది. వాలు మొదలయ్యేసరికి వాళ్ళ కేకలు వెనకబడిపోయాయి. కాగడా ఆరింది. చీకట్లో గబ్బిలాలు ముఖాలకు తగులుతున్నాయి. ఎడమ చక్రం నిప్పురవ్వలు చిమ్ముతుంటే ఆ వెలుగులో ఒక క్షణం గోడలు, ఒక క్షణం గోడల్లేని శూన్యం కనిపించాయి. ఒకచోట పట్టా తెగిపోయి ఉంది. బండి గాలిలోకి లేచి, కింద గర్జిస్తున్న పాతాళపు వాగును దాటి, అవతలి పట్టాల మీద దభేలున పడింది. సింగన్న తాను దొంగిలించిన ప్రతి వస్తువునూ సొంతదారు పేరుతో సహా చెప్పి క్షమాపణ కోరుతున్నాడు. ఆ జాబితా సగమైనా కాకముందే బండి ఒక మెత్తని గుట్టలోకి దూసుకుపోయి బోల్తాపడింది.

ఆ గుట్ట బంగారపు పొడి. తరళిక తల విదిలించుకుని చూసేసరికి దీపాల వెలుగులో పదులకొద్దీ మనుషులు గునపాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరి వేళ్ళకూ నీలి ఉంగరాలు. వాళ్ళ మధ్య మసితో నల్లబడ్డ ఒక యువకుడు గునపాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. పక్కనున్న ముసలాయన విసుగ్గా, "అట్ల కాదు దొరా, మొన తట్టు నేలకు ఉండాల. రోజూ చెప్పాలంటే ఎట్ల?" అంటున్నాడు.

యువకుడు ఆమెవైపు జాలిగా చూశాడు. "అయ్యో సెట్టిగారూ, మీరు కూడానా?"

"మకరాంకా, ఆ చెవులు కడుక్కుని ఎన్నాళ్ళయింది?" అంది తరళిక.

గునపం జారి ముసలాయన కాలి మీద పడింది. "అక్కా" అని ఒక్క ఉరుకున వచ్చి మకరాంకుడు ఆమెను పట్టుకున్నాడు. అతని కన్నీళ్ళు మసిలో చారలు కట్టాయి. ఆమె మీసం సగం ఊడి అతని చెంపకు అంటుకుంది.

కాలు పట్టుకుని గెంతుతున్న ముసలాయన పోతన్న. "మా గవరమ్మ ఎట్లుంది?" అని అడిగాడు.

"గరిటె పట్టుకుని ఊరంతటినీ అదుపులో పెట్టింది" అన్నాడు సింగన్న. పోతన్న ముఖం విప్పారింది.

మకరాంకుడు జరిగింది చెప్పాడు. గనిలో బంగారం అయిపోలేదు. భస్మనేత్రుడు వెనకటి రోజుల్లోనే మంత్రం వేసి దాన్ని లోతుకు దించేశాడు. ఊరు ఖాళీ అయ్యాక చూడవచ్చినవాళ్ళను ఉంగరాలతో బంధించి రహస్యంగా తవ్విస్తున్నాడు. కరిగించిన కడ్డీల మీద గండ్రగొడ్డలి ముద్ర. అది ఉగ్రబాహుడి ముద్ర. ఆ బంగారంతోనే అతను పొరుగు దేశాల నుంచి కూలిసేనను తెప్పించుకుంటున్నాడు.

"అన్నీ తర్వాత. ముందు ఈ ఉంగరం సంగతి చూడు సింగన్నా" అంది తరళిక.

సింగన్న యువరాజు వేలికి నూనె రాశాడు. దారం చుట్టి తిప్పాడు. ఊదాడు. బతిమాలాడు. చివరికి చెమట తుడుచుకుంటూ, "ఇది వేలి మీద లేదు రాకుమారీ, వేలితో కలిసి పుట్టింది" అని ఒప్పుకున్నాడు. అతని ముఖం చిన్నబోయింది.

"పోనీ. అయితే భూతంతోనే మాట్లాడదాం" అని తరళిక సింగన్న కొంగులోని రెండు ఉంగరాలనూ పాతాళపు వాగులోకి విసిరేసింది. అందరూ కలిసి పాత మెట్లదారిన పైకి ఎక్కారు.

బిలముఖుడు వాళ్ళను చూసి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఉంగరాలున్నవాళ్ళు ఇంతమందా. వీల్లేదు. నీకూ ఆ సన్నని వేళ్ళవాడికీ లేవు. మీరిద్దరూ పోవచ్చు." మూట పోయిన సంగతి వాసనతోనే కనిపెట్టినందుకు అతను గర్వంగా ఉన్నాడు.

"సరే" అంది తరళిక. "నీ వేలికి ఉంగరం ఉందా?"

బిలముఖుడు రాతిస్తంభాల్లాంటి తన వేళ్ళను ఒక్కొక్కటే చూసుకున్నాడు. రెండో చేయి కూడా చూసుకున్నాడు. "లేదు."

"ఉంగరం లేనివాళ్ళను బయటికి పంపవద్దని స్వామి చెప్పాడా?"

"చెప్పలేదు."

"అయితే నువ్వు బయటికి పోవచ్చు కదా. సూర్యుణ్ణి చూడవచ్చు."

బిలముఖుడి నుదుటి మీద రాళ్ళు పగిలాయి. నవ్వు మొదలైంది. అది ఇందాకటి నవ్వు కాదు. మొదటిసారి జాతరకు వెళ్తున్న పసివాడి నవ్వు. "నాకిది తట్టనే లేదు" అంటూ లేచాడు. ఎన్నో ఏళ్ళుగా కూర్చున్నవాడు లేవడంతో పైకప్పు అతని భుజాలకు తగిలి పెచ్చులుగా విరిగిపోయింది. అతను కొండను చొక్కాలా చించుకుంటూ బయటికి నడిచాడు. అడ్డు లేచిపోయిన దారిలో మనుషులంతా వెనకే పరుగెత్తారు.

గుమ్మం దాటిన క్షణంలోనే అందరి వేళ్ళకూ ఉన్న ఉంగరాలు గంటల్లా మోగాయి. ఊరి ఎగువన టంకశాల మీద బూడిద సుడిగాలి లేచింది. ఆ సుడిలోంచి రెండు తలల పక్షి ఒకటి రెక్కలు చాచి వచ్చింది. నాలుగు కళ్ళూ బూడిద రంగు.

"వాడే" అన్నాడు మకరాంకుడు. "అక్కా, వాడు పేరు పెట్టి ఆజ్ఞ ఇస్తే భూతం కదలలేదు."

తరళిక పోతన్నవైపు తిరిగింది. "వీళ్ళందర్నీ కొండదారుల్లో తీసుకుపోయి దాచగలవా?"

"ఈ కొండలు నా పెరడు తల్లీ. మీరు పదండి" అని పోతన్న కుంటుతూనే మిగిలినవాళ్ళను మోదుగు తోపుల్లోకి నడిపించాడు.

తరళిక, మకరాంకుడు, సింగన్న బిలముఖుడి వీపు పట్టుకుని భుజాల మీదికి ఎగబాకారు. పక్షి ముక్కులు రెండూ తెరుచుకున్నాయి. "బిల..." అన్న అక్షరాలు వినబడేసరికి తరళిక తలపాగా లాగి, దాన్ని ఉండగా చుట్టి, భూతం కుడిచెవిలో కుక్కింది. జడ జారి గాలికి ఎగిరింది. సింగన్న తన ఉత్తరీయం, అంగరఖా రెండూ విప్పి ఎడమచెవిలో కూరాడు.

"బిలముఖా, ఆగు" అని పక్షి ఆకాశం దద్దరిల్లేలా అరిచింది. బిలముఖుడు ఆగలేదు. అసలు విననే లేదు. అతని కళ్ళు పడమటి వైపే ఉన్నాయి. రెండు కొండల మధ్య పొద్దు వాలుతోంది, పండిన మామిడిపండు రంగులో.

"అదేనా సూర్యుడు?" అన్నాడు మెల్లగా. మరుక్షణం దానివైపు పరుగు అందుకున్నాడు.

ఒక అడుగు ఒక గుట్టను దాటింది. ఇంకో అడుగు ఒక లోయను దాటింది. ఏనుగుతొండం కనుమ వాళ్ళ వీపుల వెనక బొమ్మలా చిన్నదైపోయింది. రెండు తలల పక్షి ఎంత రెక్కలు కొట్టుకున్నా వెనకబడుతూనే ఉంది. సింగన్న గెలిచినవాడిలా దానికి చేయి ఊపాడు.

"అక్కా" అన్నాడు మకరాంకుడు భూతం జుట్టు గట్టిగా పట్టుకుని. "మేఖలాపురం తూర్పున కదా?"

తరళిక ముందుకు వంగి, "బిలముఖా, వెనక్కి తిరుగు" అని గొంతు చించుకుని అరిచింది. చెవులు నిండా మూసుకుపోయిన బిలముఖుడు ఆనందంగా నవ్వుతూ ఇంకా వేగం పెంచాడు. పాగా లాగుదామని ఆమె చేయి పెట్టబోయి ఆగింది. పక్షి అరుపు ఇంకా గాలిలో వస్తూనే ఉంది.

కొండలు అయిపోయాయి. ఎదురుగా భూమి కూడా అయిపోతోంది. ఆ చివర, సూర్యుడి కింద, కనుచూపు మేర నీళ్ళు తళతళలాడుతున్నాయి. బిలముఖుడు అడుగు తగ్గించలేదు. అతనికి సముద్రమంటే ఏమిటో కూడా ఎవరూ చెప్పలేదని తరళికకు అప్పుడు తట్టింది.